గొర్రు అన్నకు, డబ్బా తమ్ముడికి

ఆత్మకూరు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్న కాలం. ఆ పక్క పల్లెలో ఒక రైతుకు నల్లరేగడి చేలు, ఇద్దరు కొడుకులు, ఒక ట్రాక్టరు గొర్రు ఉండేవి. గొర్రు పైన రెండు పెట్టెలు. ఒకదాంట్లో శనగలు, ఇంకోదాంట్లో డీఏపీ పోస్తే, నేల మీద దొర్లే చక్రం చైను సాయంతో పెట్టెల అడుగున ఉన్న రోలర్లను తిప్పేది. గింజా ఎరువూ పైపుల్లోంచి సాళ్ళలోకి దిగేవి.

అక్కడ శనగకు నీళ్ళు కట్టే పని లేదు. వానలు వెనకబట్టాక రేగడిలో మిగిలిన పదునుతోనే పంట చేతికి రావాలి. చేత్తో చల్లిన గింజ పైమట్టిలో పడి ఎండిపోతుంది. రెండు మూడంగుళాల లోతున తడిమన్ను తగిలితేనే మొలుస్తుంది. స్వాతి కార్తెలో గొర్రు ఆగిపోతే ఆ ఏటి అదను చేజారిపోవచ్చు.

ముసలాయనకు ఆ సంగతి బాగా తెలుసు. విత్తనం అయిపోయిన సాయంత్రమే ఎరువు పెట్టెను అడుగుదాకా ఊడ్చి, నీళ్ళు కొట్టి కడిగేవాడు. ఎరువు ఉప్పు జాతిది. గాలిలో తేమను పీల్చుకుని ఇనుమును తినడం మొదలుపెడుతుంది. మర్నాడు పెట్టెలు ఎండలో ఆరేవి. చైనును డీజిల్లో నానేసి, బ్రష్షుతో రుద్ది, నూనెగుడ్డలో చుట్టి అటకెక్కించేవాడు. చివరికి ఒక్కో పైపు మూతికీ పాతగుడ్డ కుక్కేవాడు, కందిరీగలు లోపల మట్టిగూళ్ళు కట్టకుండా. ఒక్క పైపు పూడినా ఆ సాలులో మొలక ఉండదు. ఆ సంగతి మిగతా సాళ్ళు పచ్చబడ్డాక గానీ బయటపడదు.

ఆయనకు ఇంకో అలవాటుండేది. అరిగిన భాగాన్ని పారేసేవాడు కాదు. సన్నతీగతో దానికి చీటీ కట్టి, పాత బిస్కెట్ల రేకు డబ్బాలో వేసేవాడు.

ఆయన పోయాక పంపకాలు జరిగాయి. చేలు సగం సగం. గొర్రు పెద్దోడు తీసుకున్నాడు. చిన్నోడికి కూడా దాని మీదే మనసుండేది గానీ అన్న మాటకు ఎదురు చెప్పలేదు. మిగిలింది డబ్బా.

"ఆ తుక్కు నాకెందుకుమా? పాతసామాన్లోడు వస్తే ఇచ్చి ఉల్లిగడ్డలన్నా తీసుకో" అన్నాడు పెద్దోడు.

"మీ నాయన చేతిరాత ఉండాది దాంట్లో. ఉల్లిగడ్డలకిచ్చేదా?" అని తల్లి ఆ డబ్బాను చిన్నోడి చేతిలో పెట్టింది.

మొదటి ఏడు విత్తనం బాగానే సాగింది. పని కాగానే పెద్దోడు గొర్రును వేపచెట్టు కింద వదిలేశాడు. పెట్టె మూలల్లో మిగిలిన ఎరువు అక్కడే గడ్డకట్టింది.

రెండో ఏడు స్వాతి కార్తెకు మంచి వాన పడింది. కాలు దిగబడే తడి తగ్గి, పదును కుదిరింది. నాలుగు సాళ్ళు తిరిగేసరికి ఇరుసు కీచుమని అరిచి బిగుసుకుపోయింది. బేరింగు పగిలి గుండ్లు చేన్లో రాలాయి. ఆ ఊపుకు రోలరు వైపు చైను పట్టే చక్రం పండ్లు కూడా రెండు విరిగాయి. పెద్దోడు కోపంతో ఆ ముక్కలన్నీ గట్టు మీదికి విసిరేసి, బండెక్కి ఆత్మకూరు బజారుకు పోయాడు.

"నెంబరెంతన్నా?" అన్నాడు షాపాయన.

"నెంబరేందప్పా, గొర్రు బేరింగు."

"గొర్లు శానా రకాలుండాయి. పాతదన్నా తెచ్చినావా?"

"ముక్కలైంటే పారేసినా."

ఆ గొర్రు చేసిన షెడ్డు ఎప్పుడో మూతపడింది. పెద్దోడు వెలుగోడు మీదుగా నంద్యాల పోయి, కంటి అంచనాతో ఒక బేరింగు, ఒక పండ్ల చక్రం తెచ్చాడు. బేరింగు ఇరుసు మీద వదులైంది. సందులో రేకుముక్క దోపి నడిపించాడు. చక్రం పట్టింది గానీ శనగలు అనుకున్న దానికంటే ముందే అయిపోయాయి. పాత చక్రానికి 18 పండ్లు, దీనికి 16. రోలరు వైపు చక్రానికి పండ్లు తగ్గితే రోలరు వేగంగా తిరుగుతుంది. ఎకరాకు 32 కిలోలు పడాల్సిన చోట 36 కిలోలు పడ్డాయి. ఇంతలో రేకుముక్క జారి, ఇరుసు మళ్ళీ బిగుసుకుపోయింది. పైమట్టి ఆరుతోంది.

కబురు తెలిసి చిన్నోడు డబ్బా చంకలో పెట్టుకుని వచ్చాడు. మూత తీసి చీటీలు ఒక్కొక్కటే చదివాడు. ఒక పాత బేరింగుకు కట్టిన చీటీ మీద పెన్సిలుతో ఇలా ఉంది: "కుడి చక్రం ఇరుసు. 6204. రెండుపక్కల రబ్బరు మూత ఉండేది తేవాల. ఎరువు లోపలికి పోగూడదు." ఇంకోదాని మీద: "చైను చక్రం. పండ్లు 18. అరిగింది గానీ కొలత సరిగ్గా ఉంది."

ఆత్మకూరులో అదే షాపు. 6204 అనగానే షాపాయన వెనక్కి తిరిగి అరలోంచి తీసి ఇచ్చాడు. కరెంటు మోటార్లకూ పడే నెంబరది. అరిగిన చక్రాన్ని నమూనాగా పెట్టుకుని లేతుషాపులో కొత్తది చేసిచ్చారు. తెల్లారి గొర్రు నడిచింది.

"ఎంతయ్యిందిరా?" అన్నాడు పెద్దోడు.

"డబ్బులొద్దున్నా. పని కాగానే కడిగి పెట్టు, సాలు."

ఆ సాయంత్రం పెద్దోడు గట్టంతా వెతికి, తాను విసిరేసిన పగిలిన బేరింగును పట్టుకున్నాడు. గుడ్డతో తుడిచి చూస్తే అంచు మీద అదే నెంబరు కనబడింది. దానికీ ఒక చీటీ కట్టి డబ్బాలో వేశాడు.

నీతి: పనిముట్టు ఎవరింట్లో ఉంటే వారిది కాదు, దాని లోపలి కొలతలు తెలిసినవారిది. విరిగిన ముక్కే కొత్త భాగానికి చిరునామా.

బేరింగు మీది అంకెలు కంపెనీ సొంత గుర్తులు కావు. 6204 అంటే లోపలి కంత 20, బయటి చుట్టు 47, మందం 14 మిల్లీమీటర్లు. ఎవరు చేసినా, ఏ దేశంలో కొన్నా ఆ కొలతలు మారవు. ఈ రకంలో 04 నుంచి పైకి చివరి రెండంకెలను అయిదుతో హెచ్చిస్తే కంత కొలత వస్తుంది. అందువల్ల గొర్రు చేసిన షెడ్డు మూతపడినంత మాత్రాన గొర్రు చచ్చినట్టు కాదు. చదువు అంతగా లేని ఒక రైతు పెన్సిలుతో రాసిపెట్టిన ఈ విద్య, నా దృష్టిలో, ఆయన ఇచ్చిపోయిన ఆస్తిలో చేల తర్వాత అంత విలువైనది.

అమెరికాలో ఇంటిముందు పచ్చికకు ఎరువు చల్లే రెండు చక్రాల బండి తోసే మన పిల్లలకూ ఈ కథ చెప్పవచ్చు. తొట్టి కింద గిరగిరా తిరిగే పళ్ళెం, దాన్ని తిప్పే పండ్ల చక్రాలు, ఇరుసు, వాటిని పట్టి ఉంచే పిన్నులు. అక్కడా ఇనుమును తినేది ఎరువే, కాపాడేది పని కాగానే కడిగి ఆరబెట్టడమే.

ఈసారి శనగ విత్తనం ముగిసిన సాయంత్రమే ఎరువు పెట్టె కడగండి. చైను చక్రం పండ్లు లెక్కపెట్టండి. బేరింగు అంచు తుడిచి, నెంబరు ఫోనులో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరికి, ట్రాక్టరు నడిపే మనిషికి కూడా పంపండి. అరిగినదాన్ని మాత్రం పాతసామాన్లకు వేయకండి.