మన బిడ్డను ఎత్తుకున్న చేతులు ఎవరివి?



భార్యాభర్తలు ఇద్దరూ ఉపాధ్యాయులుగా ఉన్న కుటుంబములు మన సంఘములలో తక్కువేమీ కాదు. సొంత ఊరు విడిచి, ఉద్యోగము దొరికిన చోట స్థిరపడి, పరుల బిడ్డలకు అక్షరములు నేర్పుతూ తమ బిడ్డలను పెంచుకుంటున్న వారు వీరు. వీరి దినచర్యను గురించి ఒక ప్రశ్న మీ ముందు ఉంచదలచాము. మనము పరుల బిడ్డల వద్ద ఉన్న వేళ మన బిడ్డను చూచే వారికి మనము ఎంత రుణపడి ఉన్నాము? ఒకరికొకరు తోడుపడుట మంచిదని అందరమూ ఒప్పుకుంటాము. అయితే ఆ తోడ్పాటు చివరకు ఎవరి మీద భారముగా పడుతున్నదో చూచేవారు తక్కువ.

కర్ణాటకలోని బీదర్ జిల్లా ధన్నూరను ఉదాహరణగా తీసుకుందాము. 1956 వరకు బీదర్ హైదరాబాదు రాష్ట్రములో భాగము. ఆ సంవత్సరము నవంబరు 1న రాష్ట్రములను భాష ప్రకారము విడదీసినప్పుడు జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతములు మెదక్ జిల్లాలో కలిశాయి. ఉద్గీరు వైపు బొంబాయి రాష్ట్రములోనికి వెళ్ళింది. మిగిలిన బీదర్ మైసూరు రాష్ట్రములో చేరింది. హద్దులు మారినవి గాని చుట్టరికములు మారలేదు. కోడలి ఉద్యోగము ఒక రాష్ట్రములో, అత్తగారి ఇల్లు మరొక రాష్ట్రములో ఉన్న కుటుంబములు ఈ సరిహద్దు వెంట నేటికీ ఉన్నాయి. కన్నడము, మరాఠీ, ఉర్దూ, తెలుగు కలిసి వినిపించే ఆ ప్రాంతములో పొరుగువారితో మాట కలుపుట కష్టము కాదు. కష్టమల్లా బిడ్డను నమ్మి అప్పగించగల మనిషి దొరకుటయే.

ధన్నూర వంటి గ్రామముల బడులలో పని చేసే ఉపాధ్యాయులలో అనేకులు బీదర్‌లోనో భాల్కిలోనో కాపురముండి బస్సులో వచ్చి వెళ్తారు. అటువంటి ఇంటిలో తెల్లవారక ముందే పొయ్యి వెలగాలి. రొట్టెలు కాల్చాలి, డబ్బాలు సర్దాలి, నీళ్ళు పట్టాలి, పెద్ద పిల్లను బడికి తయారు చేయాలి, చంటిబిడ్డకు పాలు పట్టాలి. ఇవన్నీ ముగించి బస్సు అందుకోవాలి. 2023 జూన్ 11న కర్ణాటకలో స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితము చేశారు. దాని వలన అమ్మగారికి ఛార్జీ మిగిలింది గాని ప్రయాణపు గంటలు మిగలలేదు. సాయంత్రము ఇల్లు చేరిన తరువాత మరల వంట, అంట్లు, పిల్లల హోంవర్కు, రేపటి పాఠ పథకము, దిద్దవలసిన నోటు పుస్తకములు.

ఉపాధ్యాయుల పని సుఖమైనదని కొందరు అనుకుంటారు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయునికి వారమునకు కనీసము 45 గంటల పని నిర్ణయించింది. పాఠము సిద్ధము చేసుకొనే సమయము కూడ అందులో లెక్క. ఆ సిద్ధపాటు పొయ్యి ప్రక్కన, బిడ్డ ఉయ్యాల ప్రక్కన జరుగుతుందని మాత్రము ఏ పట్టికలోనూ వ్రాసి ఉండదు. పిల్లల సంఖ్య 60 లోపు ఉన్న ప్రాథమిక పాఠశాలకు అదే చట్టము ఇద్దరు ఉపాధ్యాయులను చూపుతుంది. ఇద్దరిలో ఒకరి బిడ్డకు జ్వరము వచ్చి సెలవు పెడితే రెండవ వారు తరగతులన్నీ ఒక్కరే చూడాలి. కర్ణాటక ప్రభుత్వము 2021లో మహిళా ఉద్యోగులకు 180 దినముల శిశుపాలన సెలవు మంజూరు చేసింది. అది మేలైన పని. అయితే చిన్న బడిలో ఆ సెలవు తీసుకొనే తల్లి, తన భారమును ప్రక్క గదిలోని సహోద్యోగి మీద పెడుతున్నానని మనసులో నొచ్చుకుంటూనే ఉంటుంది.

కావున ఇటువంటి కుటుంబములు తమలో తాము ఏర్పాట్లు చేసికొంటాయి. ఉదయము ఒకరు ఇద్దరి పిల్లలను ఆటో ఎక్కిస్తే సాయంత్రము మరొకరు దింపుకుంటారు. ఒకరికి ఎన్నికల డ్యూటీ పడిన రోజున వారి పిల్లలు రెండవ వారి ఇంట నిద్రిస్తారు. ఒకరింట కాన్పు అయితే మరొకరింటి నుండి పది దినములు కూర గిన్నె వస్తుంది. వీటిని గూర్చి ఎవరూ కాగితము వ్రాసికొనరు. ఇది చూచినప్పుడు మనకు సంతోషము కలుగుతుంది.

ఇక్కడ మొదటి ప్రశ్న. ఇటువంటి సహాయమునకు లెక్క ఉండవలెనా? లెక్క పెడితే ప్రేమ పోతుందని కొందరి మాట. లెక్క లేకపోతే మెత్తని వారి మీదనే అంతా పడుతుందని మరికొందరి మాట. మన పల్లెల వ్యవసాయములో దీనికి ఒక పాత జవాబు ఉన్నది. నాట్లకు, కలుపులకు బదులు పోయే ఆచారము మనలో చాలామంది ఎరిగినదే. నేడు మీ చేనిలో మేము, రేపు మా చేనిలో మీరు. రోజుకు రోజు బదులు. అందులో లెక్క ఉన్నది, అయినను ఎవరికీ చిన్నతనము లేదు. లెక్క ఉన్నందుననే బీద రైతు కూడ సిగ్గుపడక పొరుగువానిని పిలువగలిగాడు. మరునాడు తాను తిరిగి ఇవ్వగలనని అతనికి తెలుసు.

అయితే ఆ ఆచారమునకు ఒక హద్దు ఉన్నది. చేను ఉన్న వారి మధ్యనే బదులు నడుస్తుంది. చేను లేని కూలి మనిషిని బదులుకు పిలుచుట న్యాయము కాదు. అతని చేనిలో మనము తిరిగి పని చేయుటకు అతనికి చేనే లేదు. గనుక అతనికి కూలి ఇవ్వాలి. ఈ తేడాను మన ఇండ్లలోనికి తెచ్చి చూస్తే అనేక సంగతులు తేటపడతాయి. ఉపాధ్యాయులైన రెండు కుటుంబముల మధ్య బదులు నడుస్తుంది. మరి ఇంటిలోని ముసలమ్మతో బదులు నడుస్తుందా? పని మనిషితో నడుస్తుందా? పల్లె నుండి తెచ్చుకున్న పదకొండేళ్ళ పిల్లతో నడుస్తుందా?

ఈ చివరి మాట కొందరికి బాధ కలిగించవచ్చును. అయినా చెప్పక తప్పదు. చంటిబిడ్డను ఎత్తుకొనుటకు బంధువుల ఊరి నుండి ఒక చిన్న పిల్లను తెచ్చి ఇంట ఉంచుకొనుట ఉద్యోగస్థుల ఇండ్లలో చాలాకాలముగా ఉన్న అలవాటు. ఉపాధ్యాయుల ఇండ్లు దీనికి మినహాయింపు కాలేదు. ఆ ఇంటి అమ్మగారు ప్రతి జూన్ మాసములో గ్రామములో ఇంటింటికీ తిరిగి, ఆడపిల్లను బడికి పంపండి అని తల్లిదండ్రులను బ్రతిమాలుతారు. ఆ సమయములోనే ఆమె ఇంటి గడపలో ఒక ఆడపిల్ల బడి మాని, చంకలో బిడ్డతో నిలబడి ఉంటుంది.

దీనికి చెప్పే సమాధానమును తేలికగా త్రోసిపుచ్చరాదు. ఆ పిల్ల తల్లిదండ్రులు బీదవారు, మా ఇంట మూడు పూటలా తింటున్నది, మా పిల్లలతో సమానముగా చూస్తున్నాము, రాత్రివేళ అక్షరములు నేర్పుతున్నాము, ఇక్కడ లేకపోతే కూలికి పోయేది అంటారు. ఈ మాటలలో కొంత నిజము ఉండవచ్చును. కాని సమానముగా చూస్తున్నాము అనే మాటకు పరీక్ష సులభమే. ఆ వయస్సులో మన సొంత కుమార్తెను మరొకరి బిడ్డను ఎత్తుకొనుటకు బడి మానిపించి పంపుతామా? పంపము. అయితే సమానము కాదు. కూలికి పోయేది అనే మాట కూడ పూర్తి జవాబు కాదు. రెండు కీడులలో చిన్నదానిని ఆమెకు ఇచ్చి, మేలును మన బిడ్డకు ఉంచుకున్నాము. అన్నము, బట్టలు, జీతము తిరిగి ఇయ్యగలము గాని ఆమె పోగొట్టుకున్న ఆరవ తరగతిని తిరిగి ఇయ్యలేము. బదులు లేని చోట కూలి ఇవ్వాలి. కూలితో తీరని చోట అసలు అడుగకూడదు.

చట్టము కూడ నెమ్మదిగా ఈ తీర్మానమునకే వచ్చింది. 1986లో బాలకార్మిక చట్టము వచ్చినప్పుడు ఇంటి పని దాని నిషేధ పట్టికలో లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు 14 ఏండ్ల లోపు పిల్లలను ఇంటి పనికి పెట్టుకొనరాదని 1999లో ప్రవర్తనా నియమములలో చేర్చారు. 2006 అక్టోబరు 10 నుండి ఆ వయస్సు పిల్లలను ఎవరి ఇంట పనికి పెట్టుకున్నా నేరమైనది. 2010 ఏప్రిల్ 1 నుండి ఆరు మొదలు పద్నాలుగు ఏండ్ల వరకు విద్య హక్కుగా అమలులోనికి వచ్చింది. ఆ హక్కును బడిలో అమలు చేయవలసిన వారు ఉపాధ్యాయులే గదా.

మరి బిడ్డను ఎవరు చూడాలి? ఈ ప్రశ్నకు ఒక గొప్ప జవాబు మహారాష్ట్రలో దొరికింది. తారాబాయి మోదక్ గారు 1945లో బోర్డీ గ్రామములో పల్లె పిల్లల కొరకు బాలవాడి పని మొదలుపెట్టారు. అనుతాయి వాఘ్ గారు ఆమెకు తోడయ్యారు. తరువాత వారు కోస్‌బాడ్ కొండ మీద వార్లీ గిరిజనుల మధ్య పని చేశారు. బడి ఈడు పిల్లలు బడికి రాకపోవుటకు ఒక కారణము ఇంటివద్ద చంటివారిని చూడవలసి వచ్చుటయే అని అక్కడ కనుగొన్నారు. అందుచేత పసిబిడ్డల శాలను, బాలవాడిని, ప్రాథమిక పాఠశాలను ఒకే చోట కలిపి నడిపారు. అక్క తమ్ముణ్ణి ఎత్తుకొనే రావచ్చును. వాణ్ణి ఒక గదిలో దింపి తాను ప్రక్క గదిలో చదువుకుంటుంది. మన ఇండ్లలో బిడ్డ కొరకు బాలికను బడి నుండి తెచ్చాము. వారు బాలిక కొరకు బిడ్డను బడికి తెచ్చారు.

బిడ్డను చూచుట పని అని, దానికి కూలి చెల్లించవలెనని మన దేశములో చట్టము కూడ ఒప్పుకున్నది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టములో, పని స్థలమునకు ఆరేండ్ల లోపు పిల్లలు ఐదుగురు గాని అంతకు మించి గాని వస్తే, వారిని చూచుటకు ఒక స్త్రీని నియమించి ఆమెకు కూలి ఇవ్వాలని వ్రాశారు. మట్టి తవ్విన స్త్రీతో సమానముగా బిడ్డలను చూచిన స్త్రీకి కూలి లెక్క కట్టారు. 2017లో ప్రసూతి చట్టమును సవరించి, 50 మంది, ఆ పైన ఉద్యోగులు ఉన్న సంస్థలు శిశు సంరక్షణ గది ఏర్పాటు చేయాలన్నారు. ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులున్న పల్లె బడికి ఆ నియమము ఎట్లా వర్తిస్తుంది? గనుక మన ఏర్పాటు మనమే చేసికోవాలి.

ఇంటిలోని పెద్దవారి సంగతి కూడ చెప్పాలి. అమ్మమ్మలు, నానమ్మలు మనవలను సంతోషముగా చూస్తారు. అయితే అరవై దాటిన మనిషికి ఉదయము ఎనిమిది నుండి సాయంత్రము ఆరు వరకు నడక నేర్చిన బిడ్డ వెంట తిరుగుట చిన్న పని కాదు. ఆమె నడుము నొప్పిని గురించి మనము అడిగామా? తన ఊరికి, తన తోడివారి వద్దకు వెళ్ళి వచ్చుటకు ఆమెకు నెలకు నాలుగు దినములు ఉన్నాయా? ప్రేమతో చేసే వారికి విశ్రాంతి అక్కరలేదని అనుకొనుట న్యాయము కాదు. అడిగితే ఆమె కాదనదు. అందుచేతనే ఆమె చెప్పక ముందే మనము అడగాలి.

ఉపాధ్యాయులైన తండ్రులకు కూడ ఒక మాట. బడిలో నలభై మంది పిల్లలను అదుపులో పెట్టగలిగిన అయ్యగారు ఇంట ఒక్క బిడ్డకు అన్నము తినిపించలేమనుట వినుటకు బాగుండదు. ఉదయము ఒక గంట, సాయంత్రము ఒక గంట తండ్రి చేతికి వస్తే, పొరుగువారిని అడుగవలసిన సహాయములో సగము తగ్గుతుంది.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన రోజులలో కాలనిర్ణయ పట్టిక వేయుట మొదటగా నేర్పిన పనులలో ఒకటి. ఏ తరగతికి ఏ గంటలో ఎవరు వెళ్ళాలో తెలియకపోతే బడి నడవదు. ఇంటికి కూడ అటువంటి పట్టిక ఒకటి వ్రాసి చూడండి. ఉదయము నుండి రాత్రి వరకు బిడ్డ ఏ గంటలో ఎవరి చేతిలో ఉన్నదో వరుసగా వ్రాయండి. ప్రతి పేరు ప్రక్కన ఆ మనిషికి మనము ఏమి ఇస్తున్నామో వ్రాయండి. సాటి కుటుంబమైతే బదులు. పెద్దవారైతే విశ్రాంతి, గౌరవము. పని మనిషి అయితే తగిన జీతము, వారమునకు ఒక సెలవు. ఆ వరుసలో 14 ఏండ్ల లోపు పేరు ఒకటి కనిపిస్తే, ఆ పిల్లను బడిలో చేర్చి ఆ గడిని వేరొకరితో నింపవలసినదే.

నింపుట ఎట్లా అంటారా? నాలుగు కుటుంబములు కలిసి, పిల్లలను పెంచిన అనుభవము గల ఒక స్త్రీకి నెల జీతము ఏర్పాటు చేస్తే ఒక్కొక్కరి వంతు భరించగలిగినంతకు వస్తుంది. ఆమెకూ ఉపాధి దొరుకుతుంది. స్థలము లేదనే మాట కూడ రాకూడదు. మన సంఘ భవనములు అనేక చోట్ల వారములో ఆరు దినములు తాళము వేసియే ఉంటాయి. ఫ్యాను, నీళ్ళు, మరుగుదొడ్డి అన్నీ ఉన్న ఒక గదిని పగటివేళ పసిబిడ్డల కొరకు తెరచుటకు పెద్ద ఖర్చు కాదు. ఉపాధ్యాయుల బిడ్డలతో పాటు కూలికి వెళ్ళే తల్లుల బిడ్డలను కూడ అక్కడ చేర్చుకోవచ్చును. వారికి ఇంకా చిన్న వంతు పెట్టవచ్చును.

ఈ విషయమును మీ మీ సంఘములలో జూన్‌లో బడులు తెరచుటకు ముందుగానే పెద్దలు, ఉపాధ్యాయ కుటుంబములు కూర్చుండి మాట్లాడవలెనని కోరుచున్నాము. ఆ కూటమునకు తల్లులను మాత్రమే పిలువక తండ్రులను, మనవలను చూచుచున్న పెద్దవారిని కూడ పిలువండి. వారి గంటల లెక్క వారి నోటనే విని, తరువాత పట్టిక వేయండి.