కర్తవ్యనిష్ఠయు నాయకత్వమును

సాక్చీ బజారు దాటి సువర్ణరేఖానదిపై వంతెన నడచినచో ఆవలి ఒడ్డున మాంగో వచ్చును. చూపునకు అదియు జమ్‌షెడ్‌పూరే. కాని నదికి ఈవల అధికభాగము ఉక్కు కంపెనీ కౌలుభూమి. అచ్చటి నీరు, మురుగు, వీధిదీపము కంపెనీ చూచుకొనును. మాంగో ఆ హద్దునకు వెలుపల పెరిగినది. కంపెనీ క్వార్టరు దొరకనివారు, ఉద్యోగవిరమణతో క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చినవారు, కార్ఖానాను నమ్ముకొని చిన్న పనులతో బ్రతుకువారు అచ్చట ఇండ్లు కట్టుకొనిరి. కార్ఖానాకును పట్టణమునకును నీరందించుటకై 1940 దశకములో కంపెనీ కట్టించిన డిమ్నా జలాశయమునకు సాక్చీనుండి పోవువాడు ఈ మాంగో మీదుగనే పోవలెను. మనుష్యుని కర్తవ్యమునకు ఎల్ల ఎచ్చట అను ప్రశ్న ఆ త్రోవ నడచువానికి గ్రంథములు చదువకయే తోచును.

మనస్తత్వశాస్త్రజ్ఞులు స్వభావమును ఐదు ప్రధానగుణములుగా విభజించి చూచుచున్నారు. అందొకటి కర్తవ్యనిష్ఠ. పూనిన పని విడువకుండుట, వేళ తప్పకుండుట, ఆడిన మాట నిలుపుకొనుట, తీసిన వస్తువును తీసినచోట పెట్టుట, ఇవన్నియు దానిలోనివే. 1991లో బారిక్, మౌంట్ అను ఇరువురు అంతకుముందరి పరిశోధనలనేకములను ఒకచోట కూర్చి, వృత్తి యేదైనను పనిలో రాణింపునకు ఈ గుణము సూచకమని తేల్చిరి. 2002లో జడ్జ్ అను పండితుడును ఆయన సహచరులును నాయకత్వము విషయమున అట్టి లెక్కయే వేసిరి. పూర్ణసంబంధమును 1గా ఎంచు కొలతలో, పదిమందిలో నాయకుడుగా పైకి తేలుటకును ఈ గుణమునకును గల సంబంధము 0.33, నాయకుడైన పిమ్మట సమర్థుడనిపించుకొనుటకును దీనికిని గల సంబంధము 0.16. ఈ పరిశోధనలలో అధికభాగము పాశ్చాత్యదేశములవి గదా యని త్రోసివేయవచ్చును. కాని ఏ కచేరీలోనైనను కొన్నియేండ్లు పనిచేసినవానికి ఈ అంకెలు వింతగా తోపవు. నిచ్చెన ఎక్కించిన గుణమే పైమెట్టున సగము బలము కోల్పోవుచున్నది. ఎందువలన?

నదికి ఈవలి కార్ఖానాలో 1912వ సంవత్సరముననే తొలి ఉక్కు దిమ్మ వెలువడెను. ఆ యేటనే ఎనిమిది గంటల పనిదినమును అమలులోనికి వచ్చెను. కొలిమి ఆరదు, మనిషియే మారవలెను. కావున దినమునకు మూడుమార్లు ఒకడు తన పనిని మరియొకనికి అప్పగించి పోవలసియుండును. నిష్ఠగల ఫోర్మను షిఫ్టు పుస్తకములోని గడులన్నియు నింపును: వేడిమి యెంత, ఒత్తిడి యెంత, తూకమెంత. అతనిని తప్పుపట్టువాడు లేడు. అయితే ఆనాడు ఒక యంత్రపు చప్పుడు కొంచెము మారినట్లు చెవికి తోచినచో, దానికి పుస్తకములో గడి లేదు. దానిని పుట యంచున వ్రాసి పోవువాడొకడుండును. క్రింది కూలివాడు ఆ చప్పుడు విని, "అయ్యా, ఇది బాగుగా లేదు" అని భయపడక చెప్పగలుగునట్లు మెలగువాడు మరియొకడుండును. ఈ చివరివానినే నాయకుడనవలెను. ఇందుకు విరుద్ధముగ, అతినిష్ఠతో ప్రతి మరను తానే బిగించి చూచు పెద్దల క్రింద పనివారు బిగించుటయే మానుదురు. ఎట్లును ఆయన చూచుకొనును గదా! ఒకని నిష్ఠ పదిమంది నిష్ఠను మ్రింగివేయుట యనగా నిదియే.

మన పురాణవాఙ్మయములో నిష్ఠకు భీష్ముని మించినవాడు లేడు. పట్టిన వ్రతము విడువలేదు, సింహాసనమునకు చేసిన బాస తప్పలేదు. అట్టివాడు సభాపర్వములో ద్రౌపది అడిగిన ప్రశ్నకు ధర్మము సూక్ష్మమనెనే గాని తీర్పు చెప్పలేకపోయెను. అచ్చట నోరు విప్పినవారు దాసీపుత్రుడైన విదురుడును, కౌరవులలోనే చిన్నవాడైన వికర్ణుడును. పాపము, భీష్ముడు పిరికివాడు కాడు. తనను కట్టివేసిన మాటకు వెలుపల కర్తవ్యమున్నదని ఆయన నిష్ఠ ఆయనకు చెప్పలేదు, అంతే.

భాషలో సైతము ఈ భేదము దాగియున్నది. తెలుగువాడు బాధ్యత యనును. అది అడ్డగించుట, ఒత్తిడి పెట్టుట అను అర్థముగల ధాతువునుండి పుట్టినది. బాధ్యుడనగా ఒక కట్టుబాటునకు లోబడినవాడు. జమ్‌షెడ్‌పూరులో అదే తెలుగువాడు హిందీ మాటలాడునపుడు జిమ్మేదారీ యనును. అరబ్బీనుండి వచ్చిన జిమ్మాకు అభయమిచ్చి తన రక్షణలోనికి తీసికొనుట అను అర్థమున్నది. ఒకటి మెడకు పడిన త్రాడు, మరియొకటి చాచిన చేయి.

కంపెనీ చరిత్రయే ఈ రెంటికిని సాక్షి. 1920లో, చట్టము నిర్బంధించుటకు ఎంతో ముందే, పనివారికి ప్రావిడెంటు ఫండు ఏర్పడెను. 1924లో జీతములకు సైతము కటకటలాడు స్థితి రాగా దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తిని, భార్య ధరించు జూబిలీ వజ్రముతో సహా, ఇంపీరియల్ బ్యాంకునకు తాకట్టు పెట్టి అప్పు తెచ్చెను. అధ్యక్షుని విధులలో అట్టిది ఎచ్చటను వ్రాసియుండదు. అయినను ఆ 1920లోనే సమ్మె జరిగినది. 1928లో మరల దీర్ఘమైన సమ్మె జరుగగా సుభాష్ చంద్ర బోసు వచ్చి రాజీ కుదుర్చవలసి వచ్చెను. ఇచ్చుటలో లోపములేని చేయి వినుటకు చెవి యొగ్గినట్లు కాదు. పనివారి ప్రతినిధులతో ఉమ్మడి మండలులు నెలకొల్పు ఒప్పందము 1956లో గాని కుదురలేదు. ఆ పిమ్మట రెండేండ్లకే, 1958లో, మరియొక సమ్మె. వినుట నేర్చుకొనుటకు ఒక ఒప్పందము చాలదు కాబోలు.

శ్రీకాకుళమునుండి వచ్చిన కుటుంబములో పుట్టి, ఫోర్మనుగా పనిచేసి విరమించి, మాంగోలో ఇల్లు కట్టుకొన్న ఒక తెలుగువాని నూహింపుడు. ముప్పదియేండ్లలో ఒక్కనాడైనను ఆలస్యముగ పోయినవాడు కాడు. వానకాలములో వీధి మురుగుకాలువ పూడినది. క్వార్టరులో నున్నపుడైతే ఒక ఫిర్యాదుతో పని జరిగియుండెడిది. ఇచ్చట ఆయన అర్జీ వ్రాసి, నకలు దాచుకొని, జవాబునకై వేచియున్నాడు. ఆ యర్జీలో అక్షరదోషమైనను లేదు. ఎదురింటి బీహారీ మేస్త్రీ ఉద్యోగకాలములో హాజరు విషయమున ఎన్నోమార్లు మాటపడినవాడు. అతడు ఒక ఆదివారము లుంగీ పైకెగగట్టి పార పట్టెను. కుర్రవాండ్రు నలుగురు వెంట దిగిరి. ఫోర్మను కొంతసేపు గుమ్మములో నిలిచి చూచి, లోనికి పోయెను. కుర్రవాండ్రు నవ్వుకొనిరి. కాని ఉత్సాహము రెండు వారములు నిలుచునది. మూడవవారము మేస్త్రీయే రాలేదు. నాటి సాయంకాలము ఫోర్మను ఇంటింటికిని పోయి, ఎవరికి ఏ ఆదివారము వీలగునో అడిగి తెలిసికొని, పట్టిక వ్రాసి వీధి చివరి గోడకు అంటించెను. మొదటి వరుసలో మేస్త్రీ పేరు, దాని ప్రక్కన తన పేరు.