రూపం మారినంత మాత్రాన కర్త మారతాడా?

ఒక జీవి తన రూపాన్ని విడిచి మరొక రూపం ధరించినప్పుడు, ఆ రూపంతో చేసిన పనికి బాధ్యులెవరన్న ప్రశ్న భారతీయ ధర్మచింతనలో పురాతనమైనది. బల్ల చుట్టూ కూర్చొని తలా ఒక పాత్రను వహించి, నిర్వాహకుని తీర్పుకు లోబడి కథను నడిపే ఆటలలో అదే ప్రశ్న నేడు నియమాల వివాదంగా ఎదురవుతున్నది. 1974లో అమెరికాలో వెలువడి ఇటువంటి ఆటలకు బాట వేసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 2014 నాటి ఐదవ కూర్పులో రూపాంతరం ప్రధానంగా రెండు విధాలు: డ్రూయిడ్, అనగా ప్రకృతి శక్తులను ఆశ్రయించే మాంత్రిక పాత్ర, మృగంగా మారినా తన బుద్ధిని నిలుపుకుంటుంది, ‘పాలీమార్ఫ్’ మంత్రం తగిలిన పాత్రకు బుద్ధిబలం కూడా మృగానిదే అవుతుంది గాని, వ్యక్తిత్వమూ ధర్మాధర్మ ప్రవృత్తీ నిలిచే ఉంటాయి. బుద్ధి తగ్గి వ్యక్తిత్వం మిగిలినవాడు మిత్రుని గుర్తించక గాయపరిస్తే ఆ తప్పు ఎవరిదన్న చోట వ్యాఖ్యానం అవసరమవుతుంది.

వేదవాక్యాల అర్థనిర్ణయానికి పుట్టిన మీమాంసా శాస్త్రం ఇటువంటి సందేహాలకు ఒక క్రమాన్ని ఏర్పరచింది. శ్రుతి, అనగా సూటిగా చెప్పిన మాట, లింగం, అనగా పదానికున్న సూచనాశక్తి, వాక్యం, ప్రకరణం, అనగా సందర్భం, స్థానం, సమాఖ్య, అనగా పేరు అనే ఆరింటి మధ్య విరోధం వస్తే ముందుదే బలవత్తరమని మీమాంసాసూత్రకర్త జైమిని నిర్ణయించాడు. సామాన్య విధిని విశేష విధి బాధిస్తుందన్న ఉత్సర్గాపవాద న్యాయాన్ని పై ఆట నియమగ్రంథమూ స్పష్టంగా అంగీకరించింది. హైదరాబాదులోని అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాలలోనూ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ పోటీ పరీక్షలకై రాజ్యాంగాన్ని చదివే యువతకు ఈ న్యాయం పరిచితమే.

తెలుగు కథాసంప్రదాయం రూపానికీ స్వభావానికీ మధ్య గీత స్పష్టంగా గీసింది. అల్లసాని పెద్దన మనుచరిత్రలో గంధర్వుడు నిష్ఠాపరుడైన బ్రాహ్మణుడు ప్రవరుని ఆకారాన్ని పొందగలిగాడే గాని, అతని నిష్ఠను పొందలేకపోయాడు. 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రంలో శశిరేఖ రూపం దాల్చిన ఘటోత్కచుని రాక్షస స్వభావం నటి సావిత్రి నడకలో, చూపులో పదేపదే బయటపడుతుంది. గౌతముని రూపంలో అహల్యను వంచించిన ఇంద్రుని కథలో శాపం ఇంద్రునికీ తగిలింది. అరువు తెచ్చుకున్న ఆకారం అతనిని కాపాడలేదు.

దీనికి భిన్నంగా తోచే ఘట్టం మాధవీయ శంకరవిజయంలో ఉన్నది. సన్న్యాసియైన శంకరులు వాదంలో ఎదురైన కామశాస్త్ర ప్రశ్నలకు సమాధానం కోసం మరణించిన అమరుక రాజు దేహంలో ప్రవేశించబోగా, శిష్యుడు పద్మపాదుడు, పరకాయంలో భోగాసక్తుడైన మత్స్యేంద్రుని కథను గుర్తుచేసి వారించాడు; ఆసక్తి లేనివానికి కర్మ అంటదని శంకరులు బదులిచ్చారు. తరువాత కాశ్మీర సర్వజ్ఞపీఠం వద్ద తన పవిత్రత శంకింపబడినప్పుడు, ఒక దేహంతో చేసిన పని మరొక దేహానికి అంటదని ఆయన అన్నట్లు ఆ గ్రంథం చెబుతుంది. ఈ రెండవ సమాధానాన్ని విడిగా గ్రహిస్తే ప్రతి వంచకునికీ అది రక్షణకవచమవుతుంది, ఇంద్రుని శాపం అన్యాయమవుతుంది. కనుక ప్రకరణబలంతో దానిని మొదటి సమాధానానికి లోబరచి, దేహభేదం వల్ల కాక అనాసక్తి వల్లనే దోషం అంటలేదని చదవడమే సమంజసం. సూక్ష్మశరీరం, అనగా మనోబుద్ధులతో, సంస్కారాలతో కూడిన అంతర దేహం, స్థూలదేహాలు మారినా వెంట వస్తుందన్న వేదాంత సిద్ధాంతానికి ఈ అన్వయమే పొసగుతుంది.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభ వంటి వేదికపై దుర్యోధన వేషం కట్టిన నటునికి ఆ పాత్ర పాపం అంటదు; అది వేషమని అతనికీ ప్రేక్షకులకూ తెలుసు గనుక అక్కడ వంచన లేదు. బల్ల వద్ద కూర్చున్న ఆటగాని స్థితీ అదే. కథలోని పాత్ర సంగతి మాత్రం వేరు: తానే కోరి రూపం మార్చుకున్నవాడు ఆ రూపంతో చేసిన ప్రతి పనికీ కర్త, ఇతరుల మంత్రం వల్ల బుద్ధిని కోల్పోయినవాని విషయంలో మంత్రం వేసినవాడు ముఖ్యకర్త. నియమగ్రంథం సూటిగా చెప్పిన చోట ఆ మాటనే పాటించి, చెప్పని చోట సంకల్పం ఎవరిదో విచారించి తీర్పు చెప్పే నిర్వాహకుడు ఆటకూ, ధర్మానికీ న్యాయం చేసినవాడవుతాడు.