పాదాలు కడిగే చేతులు



1975లో వియత్నాం నుండి వేలాది కుటుంబాలు శరణార్థులై అమెరికా చేరాయి. కాలిఫోర్నియాలోని ఒక శిబిరంలో సినీనటి టిప్పీ హెడ్రెన్ గోళ్లను చూసి అక్కడి స్త్రీలు ముచ్చటపడ్డారు. ఆమె తన గోళ్లు తీర్చే మనిషినే రప్పించి 20 మందికి ఆ పని నేర్పించింది. వారినుండి మరెందరో నేర్చుకున్నారు. ఎన్నో కుటుంబాలు ఆ చేతిపనితోనే నిలదొక్కుకున్నాయి.

కాని అన్నం పెట్టిన పనే అనారోగ్యమూ తెచ్చింది. గాలి ఆడని గదులలో రంగులు, రసాయనాల ఆవిరి పీల్చి తలనొప్పి, ఆయాసం, చర్మవ్యాధులు పట్టుకున్నాయి. కొత్తగా చేరినవారు యజమానికే ఎదురు డబ్బు కట్టి, నేర్చుకునే రోజులలో జీతం లేకుండా పనిచేస్తున్నారని 2015లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వ్రాసింది. అటుపిమ్మట ఆ రాష్ట్ర ప్రభుత్వం జీతాలకు పూచీ, పనివారికి చేతి తొడుగులు తప్పనిసరి చేసింది.

యేసు ప్రభువు శిష్యుల పాదాలు కడిగారు. ఇక పాదాలు కడిగే పనిని హీనమని ఎవరనగలరు? బిగబట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు లేఖ హెచ్చరిస్తోంది. కూలి ఎగవేయడం ఘోర అపరాధమని 1891లో 13వ సింహరాయలు పోపుగారు బోధించారు.

మన ఇంట అంట్లు తోమే అమ్మకు నెల జీతం సరిగా అందిందా? మన దుకాణంలోని పిల్లకు 'పని నేర్చుకుంటోంది కదా' అని ఎగ్గొట్టామా? ఆదివారం దివ్యపూజకు వచ్చేలోగా ఆ బాకీ తీర్చి రండి.