వస్త్రము దక్కినవారు

(పఠనము: మార్కు 5:25-34, యోహాను 19:23, 24)



మన సంఘపు యువకుడొకడు కువైటునుండి సెలవుమీద వచ్చినప్పుడు అద్దము బిగించిన పటమొకటి మాకు చూపెను. అందులో పసుపుపచ్చని ఫుట్‌బాల్ జెర్సీ యుండెను. దాని రొమ్మున బ్రెజిలు దేశపు పాత ఆటగాడొకని సంతకమున్నది. రెండు నెలల జీతము పోసి కొనెనట. ఇంటి ప్రార్థనకు కూడిన పెద్దలలో ఒకరు, హిజ్కియా రాజు ఇత్తడి సర్పమును పగులగొట్టినట్లు దీనిని పొయ్యిలో వేయవలెననిరి. ఆ బిడ్డ మావైపు తిరిగి, "అయ్యగారూ, ఇది విగ్రహమేనా?" అని అడిగెను. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. కారణము ముందు చెప్పెదము.

మొదట ఆ యిష్టమునకు న్యాయము చేయుదము. ప్రసిద్ధ ఆటగాండ్ర చొక్కాలను కూర్చుకొనువారు లోకమంతట నున్నారు. ఆ ప్రీతికి మూలము చెడ్డది కాదు. 1970లో మెక్సికో దేశమున జరిగిన ప్రపంచకప్పు పోటీలలో బ్రెజిలు ఇంగ్లండుపై 1-0గా గెలిచెను. ఆట ముగియగానే, గెలిచిన పక్షపు పెలేయు, ఓడిన పక్షపు నాయకుడైన బాబీ మూరును చెమటతో తడిసిన తమ చొక్కాలను విప్పి మార్చుకొనిరి. ఒకరియందు ఒకరికున్న గౌరవమును వారు వస్త్రముతో తెలుపుకొనిరి. యోనాతాను తన దుప్పటిని తీసి దావీదునకిచ్చిన సంగతి (1 సమూయేలు 18:4) మనకు జ్ఞాపకము రాదా? ప్రేమతో ఇచ్చిన వస్త్రము ఆ ప్రేమకు సాక్షియగును.

అయితే ప్రేమతో ఇచ్చినది వేరు, వేలములో పాడుకొనినది వేరు. 1986 జూన్ 22న అర్జెంటీనా ఆటగాడు మారడోనా ఇంగ్లండుపై రెండు గోలులు చేసెను. మొదటిది చేతితో కొట్టినది. రెఫరీ దానిని కనిపెట్టలేదు. నాలుగు నిమిషముల తరువాత చేసిన రెండవది, తమ సగమునుండి బంతిని తీసికొనిపోయి, అడ్డువచ్చినవారినెల్ల తప్పించి చేసినది. మోసమునకును అద్భుతమునకును ఆ ఒక్క చొక్కాయే సాక్షి. ఆట పిమ్మట ఇంగ్లండు ఆటగాడు స్టీవ్ హాడ్జ్ దానిని మార్చుకొనెను. 2022 మే నెలలో సోదబీస్ సంస్థవారి వేలములో అది 71 లక్షల పౌండ్లకు పోయెను. మన లెక్కలో 60 కోట్ల రూపాయలకు పైమాట! కొనినవానికి చొక్కా వచ్చెను గాని ఆట రాలేదు.

సంతకముల సంగతి మరియు సందేహము. 1990వ దశాబ్దములో అమెరికాలో ఎఫ్.బి.ఐ. వారు ప్రసిద్ధ క్రీడాకారుల దొంగ సంతకములు చేసి అమ్ముచున్న ముఠాను పట్టుకొనిరి. ఆ ఆటగాండ్రు ఎన్నడును ముట్టని వస్తువులను ఎందరో ప్రాణముగా దాచుకొనిరి.

ప్రియులారా, కల్వరియొద్ద సైనికులు ప్రభువు వస్త్రములను పంచుకొని, కుట్టులేని ఆయన అంగీకొరకు చీట్లు వేసిరి. అది దొంగ వస్తువు కాదు, ఆయన ధరించినదే. ఒకనికి అది పూర్తిగా దక్కెను. దానివలన వానికి ఏ మేలు కలిగెనో లేఖనము చెప్పలేదు. పండ్రెండేండ్లు రోగముతో బాధపడిన స్త్రీకైతే ఆ వస్త్రము దక్కలేదు. ఆమె ముట్టి విడిచెను. చేతిలో నూలుపోగైనను మిగలలేదు. అయినను స్వస్థతతోను సమాధానముతోను ఇంటికి వెళ్లెను. సైనికులు వస్త్రమును కోరిరి. ఆమె వస్త్రము ధరించినవానిని కోరెను.

ఇప్పుడు మా సంగతి. మా పెట్టెలో పాత బైబిలొకటి యున్నది. మా తాతగారికి బాప్తిస్మమిచ్చిన దొరగారు తమ చేవ్రాలుతో ఇచ్చినది. దానిని పట్టుగుడ్డలో చుట్టి దాచితిమి. క్రిస్మసు దినములలో తీసి, వచ్చినవారికి ఆ చేవ్రాలున్న పుట చూపి సంతోషించుచుంటిమి. ఆ యువకుడు అడిగిన రాత్రి పెట్టె తెరచి చూడగా, లోపలి పుటలను పురుగు తినియుండెను. తాతగారు దానిని చంకబెట్టుకొని పల్లెపల్లెకు నడిచిరి. మేము దానికి కావలి కూర్చుంటిమి. ఏలీయా దుప్పటి క్రిందపడగా ఎలీషా దానిని మడిచి దాచలేదు; దానితో యొర్దాను నీటిని కొట్టెను (2 రాజులు 2:13, 14).

మరునాడు ఆ బిడ్డతో ఇట్లంటిమి: "నాయనా, గుడ్డ విగ్రహము కాదు. దానియొద్దనే మనస్సు ఆగిపోయినయెడల అగును. దీనిని చూచినప్పుడు నీకు ఆడవలెనని తోచునా, పదిమందికి చూపవలెనని తోచునా? ఆ రెండు నెలలు ఇంటికి డబ్బు పంపితివా?" అతడు తల వంచి, "ఒక నెల పంపలేదయ్యా" అనెను. అతనిని గద్దించుటకు మాకు నోరు రాలేదు. మా పెట్టె మాకు గుర్తుండెను. అతడు తిరిగి వెళ్లకముందు ఆ నెల సొమ్ము తల్లి చేతబెట్టి, మన పేట పిల్లలకు బంతియొకటి కొనిపెట్టెను. పటము గోడమీదనే యున్నది. దానిని కాల్చుమని మేము చెప్పలేదు. మేము ఆ పాత బైబిలును మిగిలినంతమట్టుకు దినదినము చదువుచున్నాము.

గొప్పవారి పేరు గుడ్డమీద సంపాదించుటకు మనుష్యులు ధనము పోయుదురు. లోకమెరుగని మనలను తన అరచేతులమీద చెక్కుకొనిన దేవుడు మనకున్నాడు (యెషయా 49:16). ఆ వ్రాతకు దొంగవ్రాత లేదు, వేలము లేదు. ఆయన ఇచ్చిన వస్తువులను మాత్రమే గాక ఆయననే పట్టుకొను కృప మనకందరకును కలుగును గాక. ఆమేన్.