ఏనాటి చదువు ఆనాడే

మన ప్రాంతమున జనవరి మాసము వచ్చినదనగా రెండు పనులు ఒక్కమారే మీద పడును. పొలమున పొగాకు కోతకు వచ్చును. ఇంట పదవ తరగతి పిల్లవాడు పరీక్షకు వచ్చును. కలిగిరి చుట్టుపట్ల మెట్ట గ్రామములలో బ్యారన్ల నుండి పొగ లేచుచుండగా, ప్రక్క ఇంటి వసారాలో ఒక బాలుడు దీపము ముందు కూర్చుండి, జూన్ మాసము నుండి తెరువని పుస్తకమును తెరచి పెద్దగొంతుతో వల్లెవేయుచుండుట మనలో పెక్కురు చూచినదే. తండ్రి చూచి సంతోషించును. "మావాడు రాత్రి రెండు గంటలదాక చదువుచున్నాడండీ" అని నలుగురిలో చెప్పుకొనును. ఆ తండ్రి సంతోషమును చెరుపుట నా ఉద్దేశము కాదు. అయినను ఆ రాత్రి చదువు నిజముగా చదువేనా, లేక భయమునకు మనము పెట్టుకొన్న మరొక పేరా అను సందేహము నన్ను చాలకాలముగా వెంటాడుచున్నది. శరణుల మార్గమున నడువగోరు కుటుంబములకు ఇది మార్కులతో తీరిపోవు ప్రశ్న కాదు.

కాయకమనగా ఒడలు వంచి చేసిన పని. దానివలన వచ్చిన దానిలో తన పొట్టకు కొంత, దాసోహమునకు కొంత. కల్యాణమున బసవేశ్వరుని చుట్టును చేరినవారిలో బట్టలుతుకు మాచయ్య కలడు, పడవ నడుపు చౌడయ్య కలడు, చెప్పులు కుట్టు హరళయ్య కలడు. ఎవరి వృత్తి వారికి తలవంపు కాలేదు, పేరుతో కలిసి నిలిచినది. మరి విద్యార్థి సంపాదించునదేమి? ఏమియు లేదు. అతడు తినునది తల్లిదండ్రుల కాయకము, కట్టునది వారి కాయకము. ప్రభుత్వ పాఠశాలలో చదువువాడైనచో, ముఖమెరుగని వేలమంది పన్ను చెల్లించినవారి కాయకము కూడ అతని పుస్తకములో, మధ్యాహ్న భోజనములో చేరియున్నది. అందుచేత కొందరు పెద్దలు "చదువు కాయకము కాదు, కాయకమునకు సన్నాహము మాత్రమే" అందురు. నేనును చాలకాలము అట్లే తలచితిని. కాని ఆ మాటలో ఒక ప్రమాదము దాగియున్నది. ఉత్త సన్నాహమే అయినచో నేడు చేసిననేమి, రేపు చేసిననేమి? సంక్రాంతి సెలవులు పోనిమ్మను వెసులుబాటు ఆ తలంపులోనే పుట్టుచున్నది.

ఈ చిక్కును విప్పుటకు నాకు సహాయపడినది ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ. మన పాఠకులు ఎరిగినదే యైనను ఒకమారు తలచుకొందము. 12వ శతాబ్దమున ఇప్పటి రాయచూరు ప్రాంతపు అమరేశ్వరము నుండి వారు కల్యాణమునకు వచ్చిరి. వీధులలో, అంగడి ముంగిళ్లలో రాలిపడిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలనే వండి, జంగములకు పెట్టి, తాము తినుట వారి నిత్యవ్రతము. ఒకనాడు మారయ్య రోజును మించి బియ్యము తెచ్చెను. ఏ ఇల్లాలైనను సంతోషించియుండును. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ ఎక్కువ మనకేల, ఇది ఏ ఆశవలన వచ్చినదని నిలదీసి, మిగులును తెచ్చినచోటనే విడిచి రమ్మని భర్తను వెనుకకు పంపెను.

మన విద్యార్థికిని ఈ కథకును సంబంధమేమని అడుగవచ్చును. మారయ్య దినదినము వీధికి పోయినవాడు. ఒక్కనాడు మాత్రము ఎక్కువ తెచ్చినాడు. మనవాడు తొమ్మిది మాసములు వీధికే పోక, పదవ మాసమున బండి కట్టుకొని పోవుచున్నాడు. పైకి ఇవి రెండును వేరు. కాని లక్కమ్మ తప్పుపట్టినది బియ్యపు కొలతనని నేననుకొనను. రేపటి గింజ రేపు దొరకదేమో అను అపనమ్మకము ఆ మూటలో ఉన్నది. ఆమె కనిపెట్టినది దానిని. పరీక్షకు ముందు రాత్రి చదువులో ఉన్నదియు అదియే. పది మాసములకు పంచుకొని మోయవలసిన బరువును ఒక్క రాత్రి తలపై పెట్టుకొనునది భయము. దానికి ముందటి తొమ్మిది మాసములు కాళ్లు చాపుకొని పడుకొన్నదియు ఆ భయమే. పుస్తకము తెరచినచో తనకు రానిదేదో తెలిసిపోవునని పిల్లవాడు దానిని తెరువడు. సోమరితనమని మనము తిట్టునది చాలమారు ఇదియే. కొట్టినను తిట్టినను అది పోదు, ఇంకను ముదురును.

తొందర ఏమి చేయునో మన ఊరివారికి పుస్తకములు చూచి చెప్పనక్కరలేదు. పొగాకు వలన లోకమునకు కలుగు మంచిచెడ్డలు వేరొకనాటి మాట. బ్యారన్ పని మాత్రము మన కన్నులయెదుట జరుగునదే. పచ్చియాకును కర్రలకు కట్టి వ్రేలాడదీసి, తలుపు మూసి, ముందుగా సుమారు 35 డిగ్రీల వెచ్చదనములో ఉంచుదురు. ఆకు తనంతట తాను పసుపు రంగునకు తిరుగవలెను. పిమ్మట కొంచెము కొంచెముగా వేడి పెంచుచు, ఈనె కూడ ఎండునప్పటికి 70 డిగ్రీలకు చేర్చుదురు. ఐదారు దినముల పని. పగలు రేయి ఒకరు కనిపెట్టుకొని యుండవలెను. కట్టెలు మిగిలినవి గదా, రెండు దినములలో ముగింతమని మంట ఎక్కించినచో ఆకు పండకయే ఎండును. ఆ పచ్చదనము అట్లే నిలిచిపోవును. పైకి చూడ అదియు ఎండినదే. వేలములో కొనువాడు చేతబట్టి చూచినప్పుడు తేడా తెలియును. మన పిల్లవాని చదువుకును అట్టి వేలమొకటి ఉండును. అది మార్చి మాసపు పరీక్ష కాదు, అటుపిమ్మట ఎప్పుడో వచ్చును.

ఈ సంగతిని పరిశోధించినవారును ఉన్నారు. జర్మనీ దేశస్థుడు ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రకటించిన గ్రంథమున, అర్థములేని అక్షరకూటములను తానే కంఠస్థము చేసి, తానే మరచి, లెక్క వ్రాసికొనెను. వరుసగా ఒకేదినమున 68 మారులు చదివినచో ఎంత నిలిచెనో, మూడు దినములకు పంచి 38 మారులు చదివినను అంతియే నిలిచెనట. అనగా శ్రమ ఇంచుమించు సగమునకు తగ్గెను. 2006లో అమెరికా దేశమున రోడిగర్, కార్పిక్ అను ఇరువురు మరొక పరీక్ష చేసిరి. ఒక పాఠమును కొందరు విద్యార్థులు రెండుమారులు చదివిరి. కొందరు ఒకమారు చదివి, పుస్తకము మూసి, జ్ఞాపకమున్నంత వ్రాసిరి. ఐదు నిమిషముల పిమ్మట అడుగగా రెండుమారులు చదివినవారిదే పైచేయి: వారికి 81 శాతము, రెండవవారికి 75. వారము గడచిన పిమ్మట అడుగగా తారుమారయ్యెను. మూసి వ్రాసినవారికి 56 శాతము నిలిచెను, చదివి చదివినవారికి 42 మాత్రమే. పెద్దగొంతుతో పదిమారులు చదివి "వచ్చేసింది" అను బాలుడు అబద్ధమాడుటలేదు. ఆ ఐదు నిమిషములకు అది నిజమే.

ఇక అందరమును కన్నులార చూచిన సంగతి ఒకటి. కోవిడ్ వ్యాధి కారణముగా మన రాష్ట్రమున 2020లోను, 2021లోను పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు రద్దైనవి, అందరును ఉత్తీర్ణులైరి. ఊరంతయు ఊపిరి పీల్చుకొన్నది. ఆనాడు ఒక బాలుడు నా వద్దకు వచ్చి "చదివినదంతా వృథా అయినది తాతగారూ" అని వాపోయినాడు. మరొకడు చదువకపోవుటయే మేలైనదని గంతులు వేసినాడు. ఇరువురి మాటయు ఒకటేనని నాకు తోచినది. పరీక్ష తప్ప చదువునకు వేరొక గమ్యము ఉండునని ఇరువురిలో ఎవరికిని మనము చెప్పియుండలేదు. 2019లో 94.88గా నున్న ఉత్తీర్ణతా శాతము, మరల పరీక్షలు జరిగిన 2022లో 67.26కు దిగినది. కారణములు పెక్కు, పిల్లలను నిందించుట అన్యాయము. ఇంట ఫోను లేనివాడు, ఉన్నను సిగ్నలు అందనివాడు, తండ్రి పని పోయినవాడు, అందరును ఆ లెక్కలో ఉన్నారు. కాని బడి గంట ఆగినప్పుడు చదువును ఆగిపోయినదనుట మాత్రము నిజము. గంట మ్రోగినను మ్రోగకున్నను దినమునకు ఒక గడియ పుస్తకముతో కూర్చుండు అలవాటును మనము ఇండ్లలో నాటియుండలేదు.

ఇతరులను అనుటకు ముందు నా తప్పు చెప్పుకొనవలెను. నా చిన్ననాట రేఖాగణితమున ఇరువది సిద్ధాంతములను అర్థము తెలియక, చుక్క పొల్లు పోకుండ కంఠస్థము చేసితిని. మంచి మార్కులే వచ్చినవి. వేసవి సెలవులలో మా నాయన చేను సరిహద్దు కొలుచుచు, త్రికోణముగానున్న ఒక మూల చూపి దాని వైశాల్యమెంతయో చెప్పరా అని అడిగెను. నోట మాట రాలేదు. ఆయన ఏమియు అనక, పనివానితో కలిసి ముక్కలు ముక్కలుగా కొలుచుకొనెను. ఆ మౌనము నాకు ఇప్పటికిని గుర్తున్నది. ఆయన కాయకము తిని నేను తెచ్చినది కాగితము మీది అంకె మాత్రమే. విద్యార్థిది కాయకము అవునా కాదా అను ప్రశ్నకు నాకు సమాధానము అక్కడనే దొరికినది. ఇతరుల శ్రమను తిని బ్రతుకువాడు ఏనాటికానాడు తన శ్రమను చెల్లించినచో అది కాయకమే. చెల్లింపక వాయిదా వేసినచో అది అప్పు. పరీక్షలో ప్రక్కవాని కాగితము చూచి వ్రాయుట సంగతి చెప్పనే అక్కరలేదు.

మన ఇండ్లలో ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచుకొని దానిపై చూపు నిలుపు ఆచారము కలదు. చూపు ఒకచోట నిలుచుట ఎంత కష్టమో చేసినవారికి తెలియును. నేడు అదే అరచేత సెల్‌ఫోను చేరినది. దానిని పాపమని నేననను. దానిలో పాఠములును ఉన్నవి. కాని అది చూపును నిలువనీయదు, నిమిషమునకొక ప్రక్కకు లాగును. చదువు కూర్చున్న గంటసేపు దానిని వేరొక గదిలో, వీలైనచో పెద్దల ఫోనులతో కలిపి ఉంచుట మంచిది. పెద్దలు తమది చేతనుంచుకొని పిల్లలది లాగుకొన్నచో ఫలితముండదని అనుభవము మీద చెప్పుచున్నాను.

ఇంతవరకు చెప్పినది దీపమును, మూలగదియు ఉన్న ఇంటి పిల్లల సంగతి. బ్యారన్ వద్ద తల్లిదండ్రులతో పాటు రాత్రులు మేల్కొనియుండు కూలివారి పిల్లవాని సంగతి వేరు. అతడు దినదినము చదువలేదని నిందించుటకు నాకు నోరు రాదు. తొమ్మిది మాసములు అతనిని మనము వీధికే పోనీయలేదు. గింజలేల ఏరలేదని అడుగుట ఎట్లు? ఇక్కడ ప్రశ్న పిల్లవానిని విడిచి మనవైపు తిరుగుచున్నది. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వామివారు (1907–2019) వేలకొలది పిల్లలకు, కులమతములడుగక, అన్నమును అక్షరమును ఆశ్రయమును మూడింటిని దాసోహముగా నడిపిరి. తెల్లవారకమునుపే లేచుట, ప్రార్థన, పని, చదువు అక్కడి పిల్లలకు నిత్యకృత్యములు. అంత కార్యము మనవల్ల కాకపోవచ్చును. కాని సాయంకాలము ఆరు గంటలనుండి ఎనిమిది గంటలవరకు ఒక మఠపు వసారా, ఒక దీపము, చదువు వచ్చిన ఒక పెద్దమనిషి: ఇది ఏ ఊరికి భారము? పండుగనాటి మైకు ఖర్చులో పదవవంతు చాలును. ఆ రెండు గంటలు పిల్లవానిని అంగడికి పంపకుండుట, టీవీ ఆపుట కూడ దాసోహమే అందును. ఈ మాటకు మా ఇంటనే కొంత అభ్యంతరము వచ్చినది.

మనుమరాలు ఏడవ తరగతి. రాత్రి భోజనమునకు ముందు దాని పుస్తకము నేను మూసి ఒడిలో పెట్టుకొని, ఈనాడు బడిలో తెలిసినవి మూడు చెప్పుమని అడుగుచున్నాను. మొదట ఏడ్చెడిది. ఇప్పుడు రెండు చెప్పును, మూడవదానికి తడుముకొనును. నిన్న రాత్రి భిన్నముల కూడికను నాకు బోధింపబోయి నడుమ తప్పు చేసి, తానే కనిపెట్టి, "ఉండు తాతా" అని పుస్తకము నా ఒడిలోనుండి లాగుకొన్నది. అన్నము చల్లారుచున్నదని దాని అవ్వ రెండుమారులు పిలిచినది.