చిన్న ఆసుపత్రి విలువ ఎంత?



ఖురంలో ఉంటున్న మనలో చాలామందికి కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది. జ్వరం వచ్చినా పెద్ద ఆసుపత్రికే వెళ్తాం. మరి చిన్న ఆసుపత్రులు ఎందుకు?

మస్కట్‌లో రాయల్ హాస్పిటల్ 1987లో మొదలైంది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే మత్రాలో చిన్న మిషన్ ఆసుపత్రి ఉండేది. డాక్టర్ వెల్స్ థామ్స్ 1939 నుండి 1970 వరకు ఒమన్ ప్రజలకు వైద్యసేవ చేశారు. అయినా గుండె ఆపరేషన్లకు, క్యాన్సర్ చికిత్సకు రాయల్ లాంటిది కావలసిందే.

మంచి సమరయుని చూడండి. దారిలోనే గాయాలకు నూనె పోసి కట్లు కట్టాడు. అక్కడితో ఆగక పూటకూళ్లవానికి అప్పగించాడు, మళ్లీ వస్తానన్నాడు. దారిలో కట్టు లేకపోతే ఆ మనిషి అంతదూరం వెళ్లగలిగేవాడా? కట్టు కట్టి వదిలేస్తే కోలుకునేవాడా?

చిన్న ఆసుపత్రి బీపీ, షుగర్లను దగ్గరుండి చూడాలి. తనవల్ల కాని రోగిని ఫీజు కోసం ఆపకుండా వెంటనే పంపాలి. రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతానికి గడ్డ కరిగించే మందు సాధారణంగా 4.5 గంటల లోపే ఇవ్వాలి మరి. పెద్ద ఆసుపత్రి కూడా, కోలుకున్నవారిని పూర్తి వివరాలు రాసిచ్చి దగ్గరి డాక్టరుకు తిరిగి అప్పగించాలి.

ఒకపూట పని మానితే జీతం కోతపడే కూలి సహోదరునికి, ఊళ్లో ఒంటరిగా ఉన్న మన అమ్మానాన్నలకు ఆ దగ్గరి డాక్టరే మొదటి ఆసరా. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు రెండు నంబర్లు గోడమీద రాయించండి: పక్కవీధి డాక్టరుది, రాత్రివేళ వెళ్లాల్సిన పెద్ద ఆసుపత్రిది.

పొరుగువాని భారం ఒకరికొకరం అందుకునే మనసు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.